ఫోన్ మార్చే టైమొచ్చింది: పాత కంపెనీయేనా, కొత్తదా? కారణాలతో రాయండి

గోదారి_గట్టు · శనివారం ఉదయం 9:10

అందరికీ నమస్తే. 2020, 2021లో కొన్న ఫోన్లు ఇప్పుడు ఒక్కొక్కటిగా మూలపడుతున్నాయి. ఒకప్పుడు "మా ఇంట్లో అందరికీ నోకియానే" అనేవాళ్లు. తర్వాత శాంసంగ్, ఆ తర్వాత రెడ్‌మీ. ఇప్పుడు ఒకే ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగూ నాలుగు కంపెనీలవి. ఆ నమ్మకం ఎందుకు కుదిరింది, ఎందుకు సడలింది అన్నది తేల్చుకుంటేనే తర్వాతి ఫోన్ సరిగ్గా కొంటాం.

"ఫలానాది తోపు, ఫలానాది వేస్టు" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోకండి. ఏ పార్టు, ఏ సెట్టింగు, ఏ సంవత్సరం అన్నది రాయండి. నేను అడిగేది ఒక్కటే: నమ్మాల్సింది కంపెనీనా, మోడల్‌నా?

సోల్డర్_ఐరన్ · శనివారం ఉదయం 9:48

మోడల్‌నే. నోకియాని కూడా జనం నమ్మింది పేరు చూసి కాదు, విడిభాగాలు చూసి.

1100 వచ్చింది 2003లో. కీప్యాడ్ మొత్తం ఒకే రబ్బరు షీటు, కీల మధ్య సందు లేదు కాబట్టి దుమ్ము లోపలికి పోదు. నెత్తిన టార్చి. వెనక బీఎల్-5సీ బ్యాటరీ. ఆ బ్యాటరీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అదే 1100లో ఉంది, అదే 6230లో ఉంది, ఖరీదైన సింబియన్ (నోకియా అప్పట్లో వాడిన స్మార్ట్‌ఫోన్ సాఫ్ట్‌వేర్) ఫోన్ 6600లోనూ అదే. గోరుతో వెనక డొప్ప తీసి, పాతది లాగి కొత్తది పెట్టడం అర నిమిషం పని. మండల కేంద్రంలో పాన్ షాపు పక్కన సెల్ పాయింట్‌లో కూడా దొరికేది. చార్జర్ ఎవరి ఇంటికి వెళ్లినా ఉండేది. కీప్యాడ్, బాడీ, స్పీకర్ అన్నీ స్క్రూడ్రైవర్‌తో మారిపోయేవి. పేరు మీద నమ్మకం అని మనం అనుకున్నది నిజానికి "పాడైతే సాయంత్రానికి బాగవుతుంది" అన్న ధీమా.

2007 ఆగస్టులో ఆ బీఎల్-5సీ బ్యాటరీల్లోనే 4 కోట్ల 60 లక్షల దాకా వేడెక్కే ప్రమాదం ఉందని నోకియా ప్రకటించింది. మత్సుషిత కంపెనీ చేసిన బ్యాటరీలవి. మన దగ్గరా పెద్ద గోలే అయింది. అయినా జనం నోకియాని వదల్లేదు, ఎందుకంటే బ్యాటరీ మీది నంబరు చూసి లోపం ఉన్నవి ఉచితంగా మార్చి ఇచ్చారు. లోపం వచ్చినందుకు కంపెనీని వదిలేసేవాళ్లు తక్కువ. దిక్కు లేకుండా వదిలేసిందని తెలిస్తేనే వదిలేస్తారు.

వదిలింది ఎప్పుడంటే 2011 ఫిబ్రవరిలో సింబియన్‌ని పక్కనపెట్టి విండోస్ ఫోన్‌కి పోయాక. ఫోన్లు గట్టివే, యాప్‌లు లేవు. 2014 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది, 2006 నుంచి నడిచిన శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీ అదే ఏడాది నవంబర్‌లో మూతపడింది. ఫోన్ పోయింది గానీ బ్యాటరీ పోలేదు. ఇవాళ్టికీ చిన్న ఎఫ్ఎం స్పీకర్లలో, కీప్యాడ్ ఫోన్లలో ఆ సైజు బ్యాటరీయే వేస్తున్నారు.

ఓరుగల్లు_వాసి · శనివారం ఉదయం 10:30

సోల్డర్ అన్న చెప్పింది కరెక్టే. దానికి ఇంకోటి కలపాలె. నోకియా పడిపోనీకి విండోస్ ఒక్కటే కాదు, రెండు సిమ్ములు కూడా కారణమే. ఒక సిమ్ముల ఇన్‌కమింగ్, ఇంకో సిమ్ముల సస్తా రీచార్జ్, మన దగ్గర అందరు గట్లనే వాడుతుండె. ఆ ముచ్చట మైక్రోమ్యాక్స్, కార్బన్, సెల్‌కాన్ ముందుగాల పట్టుకున్నయి. నోకియా రెండు సిమ్ముల ఫోన్ తెచ్చే సరికి ఆలస్యమైంది. సెల్‌కాన్ మన హైదరాబాద్ కంపెనీయే, 2009ల మొదలైంది, 2015ల మేడ్చల్‌ల ఫోన్లు బిగించే యూనిట్ పెట్టింది. 2014 ఆఖరు మూడు నెలల లెక్కల, కెనాలిస్ సంస్థ చెప్పిన దాని ప్రకారం, స్మార్ట్‌ఫోన్లల మైక్రోమ్యాక్స్ శాంసంగ్‌ని దాటింది కూడా.

మరి గంత మంది కొన్న కంపెనీ రెండేండ్లల ఎట్ల మాయమైంది? 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. జియోకు 2జీ, 3జీ లేనే లేవు. కాల్ మాట్లాడాలన్నా 4జీ మీదనే, ఫోన్ల వోల్టీ (4జీ మీద కాల్ నడిపే పద్ధతి) ఉండాలె. మన కంపెనీల స్టాక్ ఎక్కువ 3జీ ఫోన్లే. ఉచిత సిమ్ము చేతిల ఉంది, ఫోన్ల పడది. గప్పుడు జనం బ్రాండు చూడలే, "జియో సిమ్ము నడుస్తదా" అని ఒక్కటే అడిగిన్రు. పనికొచ్చేది దొరికిన దిక్కు పోయిన్రు, దాంట్ల తప్పేం లేదు.

బెజవాడ_బైట్ · శనివారం ఉదయం 11:25

ఆ దిక్కు షావోమీ, రెడ్‌మీ వాళ్లదే. 2014 జులైలో ఎంఐ 3ని 13,999కి ఫ్లిప్‌కార్ట్‌లో పెట్టారు, ఆ వెంటే రెడ్‌మీ 1ఎస్ 5,999. అదే ప్రాసెసర్ వేరే కంపెనీలో కావాలంటే చాలా ఎక్కువ పెట్టాల్సిన రోజులవి. 2015 ఆగస్టులో విశాఖలో విడుదల చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్ మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ బిగించిన ఫోన్. 2017లో రెడ్‌మీ నోట్ 4 ఊరూరా కనిపించింది, ఆ ఏడాది చివరికి శాంసంగ్‌ని వెనక్కి నెట్టారు.

తర్వాత సడలింది ఎందుకంటే, నా అభిప్రాయం ఇది: హార్డ్‌వేర్ మీద తగ్గించుకున్న డబ్బు ప్రకటనల మీద లాక్కున్నారు. ఫైల్ మేనేజర్‌లో యాడ్, డౌన్‌లోడ్స్‌లో యాడ్, యాప్ ఇన్‌స్టాల్ చేస్తే స్కాన్ పేరుతో యాడ్. డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఇది తప్పు. పైగా రెడ్‌మీ, పోకో పేర్లతో ఒకే ఫోన్‌ని రెండు డబ్బాల్లో అమ్మడం మొదలయ్యాక, ఏది ఏదో షాపువాడికే తెలియని పరిస్థితి వచ్చింది.

ఇప్పటికే ఆ ఫోన్ ఉన్నవాళ్లు మార్చక్కర్లేదు, యాడ్‌లు ఆపేయొచ్చు. నెట్ ఆన్ చేసి ఉంచండి. సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్స్ అండ్ సెక్యూరిటీ, దాంట్లో ఆథరైజేషన్ అండ్ రివొకేషన్, దాంట్లో ఎంఎస్ఏ (యాడ్‌లు చూపించే షావోమీ యాప్). బటన్ ఆఫ్ చేస్తే 10 సెకన్లు లెక్కపెడుతుంది, తర్వాత రివోక్ నొక్కాలి. మొదటిసారి "కుదరలేదు" అంటుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. వదలకుండా మూడు నాలుగుసార్లు చేస్తే ఆఫ్ అవుతుంది. ఆ తర్వాత ఫైల్ మేనేజర్, డౌన్‌లోడ్స్, థీమ్స్, మ్యూజిక్, సెక్యూరిటీ యాప్‌లు ఒక్కోటీ తెరిచి, వాటి సెట్టింగ్స్‌లో రికమెండేషన్స్ ఆఫ్ చేయాలి. హోమ్ స్క్రీన్ ఫోల్డర్ పేరు మీద నొక్కితే అక్కడ కూడా ప్రమోటెడ్ యాప్స్ బటన్ ఉంటుంది. లాక్ స్క్రీన్ మీద రోజుకో బొమ్మ, వార్త వస్తుంటే అది గ్లాన్స్, దాన్ని వాల్‌పేపర్ సెట్టింగ్స్‌లో తీసేయాలి. వెర్షన్‌ని బట్టి పేర్లు కొంచెం మారతాయి. పెద్ద అప్‌డేట్ వచ్చాక ఒకసారి మళ్లీ చూసుకోండి, కొన్ని తిరిగి ఆన్ అవుతాయి.

సీమ_బిడ్డ · శనివారం మధ్యాహ్నం 12:05

యాడ్‌ల కంటే మా పక్క జనం ఫోన్ మార్చేది కాల్ రికార్డింగ్ కోసం. పొలం బేరాలు, మిర్చి రేట్లు, కాంట్రాక్టు పనులు అన్నీ నోటి మాట మీదే నడుస్తాయి. ఏ ఫోన్ తీసుకుంటే రికార్డు చేసేటప్పుడు ఆ ఇంగ్లీషు ఆడమనిషి గొంతు రాదో చెప్పండి.

బెజవాడ_బైట్ · శనివారం మధ్యాహ్నం 12:20

గొంతు వచ్చేది గూగుల్ ఫోన్ యాప్ ఉన్న ఫోన్లలో. "ఈ కాల్ రికార్డు అవుతోంది" అని రెండు వైపులా వినిపిస్తుంది, దాన్ని తీసేసే బటన్ లేదు. షావోమీ, రియల్‌మీ, వన్‌ప్లస్ మన దేశంలో తమ సొంత డయలర్ (కాల్ చేసే యాప్) మానేసి గూగుల్‌ది పెట్టినప్పుడు చాలామంది శాంసంగ్‌కి వెళ్లారు, ఎందుకంటే శాంసంగ్ సొంత డయలరే ఉంచుకుంది. తర్వాత ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్ల కోసం ఓడయలర్ అనే వాళ్ల సొంత కాల్ యాప్ వచ్చింది. వేరే యాప్‌లు వేసి సరిపెట్టుకుందామంటే, 2022 మేలో ప్లే స్టోర్ నిబంధన మార్చి వాటిని గూగుల్ తీసేయించింది. ఐఫోన్‌లో ఐఓఎస్ 18.1 నుంచి రికార్డింగ్ ఉంది, కానీ అదీ చెప్పే చేస్తుంది.

షాపులో తేల్చుకోవడం తేలిక. డెమో ఫోన్‌లో డయలర్ గుర్తు మీద వేలు నొక్కి పట్టి యాప్ ఇన్ఫో చూడండి. అది గూగుల్ యాప్ అయితే గొంతు వస్తుంది. ఒకే కంపెనీలో ఒక మోడల్‌కి ఒకటి, ఇంకో మోడల్‌కి ఇంకొకటి ఉంటుంది, కాబట్టి కంపెనీ పేరు విని కొనొద్దు.

సోల్డర్_ఐరన్ · శనివారం మధ్యాహ్నం 1:15

ఇప్పుడు అసలు నమ్మకం పోగొడుతున్నది డిస్‌ప్లే. అమోలెడ్ స్క్రీన్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం, ఓలెడ్‌లో ఒకటి) మీద పైనుంచి కిందికి సన్నటి ఆకుపచ్చ గీత వస్తోంది, ఫోన్ కింద పడకుండానే. "అప్‌డేట్ చేశాక వచ్చింది" అని అందరూ అనడానికి కారణం ఉంది. ప్యానెల్ అంచున ఒక సన్నటి ఫిల్మ్ ఉంటుంది, దాని మీదే డిస్‌ప్లే నడిపే చిప్పు కూర్చుంటుంది. ఆ ఫిల్మ్‌కీ ప్యానెల్‌కీ మధ్య వెంట్రుక కంటే సన్నటి అతుకులు చాలా ఉంటాయి. వేడికి అవి మెల్లగా పట్టు వదులుతాయి. అప్‌డేట్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ప్రాసెసర్ చాలాసేపు వేడిగా ఉంటుంది, అప్పటికే బలహీనపడ్డ అతుకు ఆ రోజు వదిలేస్తుంది. అతుకు తెగిన నిలువు వరుస మొత్తం గీతలా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ వెనక్కి తీసుకెళ్లినా పోదు.

ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు. వన్‌ప్లస్, శాంసంగ్ రెండూ కొన్ని మోడళ్లకు డిస్‌ప్లే ఉచితంగా మార్చి ఇస్తామని మన దేశంలో ప్రకటించాయి. గీత కనిపించగానే బయట షాపులో విప్పించొద్దు. ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి ఐఎంఈఐ నంబరుతో (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు) ఆ మోడల్‌కి పథకం ఉందో లేదో అడగండి. ఒకసారి బయట విప్పితే అవకాశం పోయినట్టే. కింద పడ్డ దెబ్బ గాని, నీళ్లు పోయిన గుర్తు గాని ఉన్నా ఒప్పుకోరు. సిమ్ ట్రే గూటిలో టార్చి వేసి చూస్తే ఒక తెల్ల స్టిక్కర్ ఉంటుంది చాలా మోడళ్లలో. అది ఎర్రబడి ఉంటే తడి తగిలినట్టు లెక్క.

బయట మార్పించేవాళ్లకి: మార్కెట్‌లో కాంబో అంటారు, ఫోల్డర్ అంటారు. రెండూ డిస్‌ప్లే, టచ్ కలిసిన ముక్కే. మూడు రకాలు దొరుకుతాయి. ఒకటి కంపెనీ ప్యానెల్. రెండోది కాపీ ఓలెడ్. మూడోది ఇన్‌సెల్, అంటే అమోలెడ్ ఉన్న చోట ఎల్‌సీడీ పెట్టడం. ఇన్‌సెల్ వేస్తే స్క్రీన్ కింద వేలిముద్ర పనిచేయదు, ఎందుకంటే ఆ సెన్సర్ వెలుతురు స్క్రీన్ గుండా పోవాలి, ఎల్‌సీడీ వెనక ఉండే బ్యాక్‌లైట్ పొర దాన్ని ఆపేస్తుంది. నలుపు రంగు బూడిదరంగులా కనిపిస్తుంది, చీకటి గదిలో చూస్తే ఇట్టే తెలుస్తుంది. హైదరాబాద్ అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో అడిగినా మూడు రేట్లు చెబుతారు. ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి.

కొత్త ఫోన్ కొనేముందు నేను చూడమనేది ఇదే. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ తమ వెబ్‌సైట్‌లో మోడల్ వారీగా విడిభాగాల ధరలు పెడతాయి. డిస్‌ప్లే ధర ఫోన్ ధరలో మూడో వంతు దాటితే ఆ మోడల్ వద్దు. ఒంపు తిరిగిన స్క్రీన్లు సాధారణంగా ఈ పరీక్షలో తప్పుతాయి.

అమీర్‌పేట_యాప్ · శనివారం మధ్యాహ్నం 2:40

సోల్డర్ గారి లెక్కతో కొంచెం విభేదిస్తాను. పార్టు ధర ఒక్కటే చూస్తే ఐఫోన్ ఎవరూ కొనకూడదు. కానీ ఒకసారి కొన్నవాళ్లలో చాలామంది మళ్లీ అదే కొంటున్నారు. కారణం అప్‌డేట్‌లు. 2015 నాటి 6ఎస్‌కి ఐఓఎస్ 15 వరకు ఇచ్చారు. 2018 నాటి ఎక్స్ఎస్, ఎక్స్ఆర్‌లకి ఐఓఎస్ 18 వరకు. నాలుగేళ్లు వాడి అమ్మినా చెప్పుకోదగ్గ డబ్బు తిరిగొస్తుంది. కొన్న ధర నుంచి అమ్మిన ధర తీసేసి, వాడిన నెలలతో భాగిస్తే అసలు ఖర్చు తెలుస్తుంది. డబ్బా మీది ధర సగం కథే.

అలాగని యాపిల్‌ని గుడ్డిగా వెనకేసుకు రావడం లేదు. పాత బ్యాటరీ ఉన్న ఫోన్లను ఐఓఎస్ 10.2.1 నుంచి నెమ్మదింపజేస్తున్నామని 2017 డిసెంబర్ దాకా స్పష్టంగా చెప్పలేదు. అరిగిన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు, ఫోన్ ఆరిపోతుంది, కాబట్టి వేగం తగ్గించడంలో సాంకేతికంగా తప్పు లేదు. చెప్పకపోవడమే తప్పు. ఆ తర్వాతే బ్యాటరీ ధర తగ్గించి, సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూపించడం మొదలెట్టారు.

మనకి సంబంధించినది ఇంకోటి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొట్టింది. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనిపించని నాన్‌జాయినర్ అనే గుర్తు, ఆ పైన దీర్ఘం. ఈ వరుస మెసేజ్‌లో వస్తే దాన్ని గీయబోయి వాట్సాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే కూలిపోయి మళ్లీ మళ్లీ మొదలయ్యేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. కోట్ల మంది రోజూ "జ్ఞాపకం", "విజ్ఞానం" అని రాసుకునే భాషని విడుదలకు ముందు సరిగ్గా పరీక్షించలేదన్నది నాకు ఇప్పటికీ బాధే. అందుకే ఏ ఫోనైనా షాపులో తెలుగు కీబోర్డు వేసి ఒత్తులున్న నాలుగు మాటలు టైప్ చేసి చూడండి: క్ష్మ, స్త్రీ, జ్ఞానం, రాష్ట్రం. అక్షరం సైజు పెద్దది చేస్తే ఒత్తు కింద కోతపడుతుందా అన్నది కూడా చూడాలి, మెనూలు తెలుగులో పెట్టుకునే పెద్దవాళ్లకి అది ముఖ్యం.

డల్లాస్_తెలుగు · శనివారం మధ్యాహ్నం 3:30

ఇక్కడ కొని ఇండియాలో అమ్మానాన్నలకి పంపేవాళ్లు జాగ్రత్త. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో 14 నుంచి సిమ్ ట్రే లేదు, ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్) ఒక్కటే. జియో, ఎయిర్‌టెల్ ఈసిమ్ ఇస్తాయి. నాన్నగారు బీఎస్‌ఎన్‌ఎల్ వాడుతుంటే ముందు వాళ్ల ఆఫీసులో కనుక్కున్నాకే పంపండి. ఫోన్ చెడిపోతే సిమ్ తీసి పాత ఫోన్‌లో వేసుకునే వీలు కూడా ఉండదు, బ్యాంకు ఓటీపీలు ఆగిపోతాయి. రెండోది, సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్‌లో క్యారియర్ లాక్ అన్నచోట "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉండాలి. వాయిదాల మీద తీసుకున్న ఫోన్ బాకీ తీరేదాకా అన్‌లాక్ కాదు.

ఓరుగల్లు_వాసి · శనివారం సాయంత్రం 4:10

నెట్‌వర్క్ సంగతి కూడా చెప్తా, ఎందుకంటే ఊర్లల్ల "ఫలానా కంపెనీ ఫోన్‌కు సిగ్నల్ రాదు" అనే మాట బాగా నడుస్తది. చాలాసార్లు అది కంపెనీ తప్పు కాదు, ఆ నెట్‌వర్క్ వాడే బ్యాండ్ (సిగ్నల్ తరంగాల వరుస) ఫోన్ల లేకపోవుడు. జియో 5జీ 700 మెగాహెర్ట్జ్ మీద కూడా ఉంది, దాన్ని ఎన్28 అంటరు. గోడలు దాటి లోపటికి వచ్చేది, దూరం పోయేది గదే. పట్నంల ఎన్78 అనే ఇంకో 5జీ బ్యాండ్ ఒక్కటే ఉన్న ఫోన్ బాగనే నడుస్తది, ఊర్లె ఇంట్ల కూసుంటె 4జీకి పడిపోతది. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ కూడా 700 మీద, 2100 మీద ఉంది. 700ది 4జీల బ్యాండ్ 28, దాన్నే బి28 అంటరు. ఏజెన్సీ ఏరియాల ఉండేటోళ్లు స్పెసిఫికేషన్ల పేజీల బి28, ఎన్28 రెండూ ఉన్నయా లేదా చూసుకొని కొనాలె.

బెజవాడ_బైట్ · శనివారం సాయంత్రం 5:00

జనాన్ని ఒకే కంపెనీకి కట్టేసేది ఇంకోటి ఉంది, ఎవరూ రాయలేదు: చార్జర్. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్‌ల ఫాస్ట్ చార్జింగ్ సూపర్‌వూక్, అది వేరే పద్ధతి. 80 వాట్ల చార్జర్ సుమారు 11 వోల్టులు, 7.3 ఆంపియర్లు పంపుతుంది. అది ఆ చార్జర్, ఆ కంపెనీ కేబుల్, ఆ ఫోన్ మూడూ కలిస్తేనే. శాంసంగ్, పిక్సెల్, ఐఫోన్‌లది యూఎస్‌బీ పవర్ డెలివరీ, అంటే కంపెనీలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పద్ధతి. శాంసంగ్ 25 వాట్లు పూర్తిగా రావాలంటే చార్జర్‌లో పీపీఎస్ (ఆ పద్ధతిలోనే వోల్టేజీని సర్దుకునే రకం) అని రాసి ఉండాలి. 45 వాట్లకి 5 ఆంపియర్ల కేబుల్ కావాలి, దాంట్లో చిన్న చిప్పు ఉంటుంది. చార్జర్ ఆ చిప్పుని అడిగి, లేకపోతే 3 ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. కంపెనీ మారాక "చార్జింగ్ స్లో" అనేవాళ్లలో చాలామంది పాత కేబుల్ వాడుతున్నవాళ్లే. ఫోన్ ధరతో పాటు చార్జర్, కేబుల్ ఖర్చు కలిపి లెక్కవేయండి, డబ్బాలో చార్జర్ ఇవ్వని కంపెనీలు పెరిగాయి.

గోదారి_గట్టు · శనివారం సాయంత్రం 5:25

మరి కంపెనీ మారితే వాట్సాప్, ఫోన్‌పే ఎలా తీసుకెళ్లాలి? ఆ భయంతోనే ఇష్టం లేకపోయినా అదే కంపెనీ కొనేవాళ్లు ఎక్కువ.

అమీర్‌పేట_యాప్ · శనివారం సాయంత్రం 6:15

ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి అయితే కంపెనీ ఏదైనా ఇబ్బంది లేదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, దాంట్లో ట్రాన్స్‌ఫర్ చాట్స్. కొత్త ఫోన్‌లో వచ్చే క్యూఆర్‌ని పాత ఫోన్‌తో స్కాన్ చేస్తే నేరుగా వెళ్తాయి, వైఫై, లొకేషన్ ఆన్‌లో ఉండాలి. గూగుల్ బ్యాకప్ మీద ఆధారపడితే అది ఇప్పుడు మీ 15 జీబీలో లెక్కపడుతుంది. నిండిపోతే బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, తేదీ చూసుకోకుండా పాత ఫోన్ రీసెట్ చేయొద్దు.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మూవ్ టు ఐఓఎస్ యాప్. ఐఫోన్‌ని మొదటిసారి ఆన్ చేసే సెటప్‌లోనే వాట్సాప్ ఎంచుకోవాలి. చాలామంది ముందు ఐఫోన్ సెటప్ పూర్తి చేసేసి తర్వాత అడుగుతారు, అప్పుడు మళ్లీ రీసెట్ చేయాల్సి వస్తుంది. రెండు ఫోన్లూ చార్జింగ్‌లో పెట్టండి, మధ్యలో స్క్రీన్ మారిస్తే ఆగిపోతుంది. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి కేబుల్ కావాలి, అదీ సెటప్ సమయంలోనే.

యూపీఐకి: బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ కొత్త ఫోన్‌లో ఉండాలి, ఆ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ బయటకు వెళ్లాలి. ఎస్సెమ్మెస్ లేని ప్లాన్ అయితే ముందు మార్చుకోండి, సగం ఫెయిల్యూర్లు అక్కడే. రెండు సిమ్ములుంటే ఏ సిమ్ నుంచి పంపాలో సరిగ్గా ఎంచుకోండి. పిన్ మారదు, పాతదే పనిచేస్తుంది. మొదటి 24 గంటలు పంపే మొత్తం మీద పరిమితి ఉండొచ్చు, అందుకని ఫీజు కట్టాల్సిన రోజు ఫోన్ మార్చొద్దు. అథెంటికేటర్ యాప్ (లాగిన్‌కి కోడ్‌లు ఇచ్చేది) వాడుతుంటే, ఆ కోడ్‌లు పాత ఫోన్ నుంచి క్యూఆర్‌తో ఎక్స్‌పోర్ట్ చేసుకున్నాకే పాతది తుడిచేయండి.

సీమ_బిడ్డ · శనివారం రాత్రి 7:40

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద కంపెనీ ఫోన్ తీసుకోవడమా, అదే డబ్బుకి కొత్త చిన్న ఫోనా? 15 వేలు బడ్జెట్.

సోల్డర్_ఐరన్ · శనివారం రాత్రి 8:20

బిల్లు, బాక్సు ఉంటే సెకండ్ హ్యాండ్ పెద్ద ఫోనే. కారణం స్టోరేజీ చిప్పు. చవక ఫోన్లలో చాలావాటికి ఈఎంఎంసీ అనే నెమ్మది రకం వేస్తారు, అది చదవడం, రాయడం ఒకేసారి చేయలేదు. ముప్పాతిక వంతు నిండాక కీబోర్డు పైకి రావడానికి కూడా ఆలోచిస్తుంది. "ఈ కంపెనీ ఫోన్లు ఏడాదికి హ్యాంగవుతాయి" అనే మాట వెనక ఎక్కువసార్లు ఉండేది ఈ చిప్పే. దానికంటే వేగమైన యూఎఫ్‌ఎస్ రకం, 2.2 గాని అంతకంటే పైది గాని ఉండాలి. 8 జీబీ ర్యామ్‌కి వర్చువల్‌గా ఇంకో 8 అని రాస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి, అది ఇదే స్టోరేజీలో కోసి ఇచ్చేది.

కొనేటప్పుడు ఈ వరుసలో చూడు తమ్ముడూ. *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ, బాక్సు మీదిది, బిల్లు మీదిది ఒకటేనా. ఇంగ్లీషులో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు కొట్టి 14422కి ఎస్సెమ్మెస్ పెట్టు. దొంగతనం ఫోన్‌గా బ్లాక్ అయి ఉంటే చెబుతుంది. శాంసంగ్ అయితే *#0*# కొడితే టెస్ట్ మెనూ వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు ఒక్కోటీ పెట్టి, వెలుతురు సగానికి తగ్గించి చూడు. మచ్చలు, పాత యాప్ గుర్తుల నీడలు అప్పుడే కనిపిస్తాయి. స్పీకర్, మైకు, సెన్సర్లు అక్కడే చూడొచ్చు. షావోమీకి *#*#6484#*#*. ఐఫోన్ అయితే అబౌట్‌లో పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ చూడు, మార్చిన డిస్‌ప్లే, బ్యాటరీ అక్కడ కనబడతాయి. చివరగా అమ్మేవాడి చేతే గూగుల్ ఖాతా తీయించి, సెట్టింగ్స్ నుంచి రీసెట్ చేయించి, కొత్తగా ఆన్ అయ్యేదాకా అక్కడే నిలబడు. డబ్బు ఆ తర్వాతే.

అప్‌డేట్ ఇంకెన్నేళ్లో కూడా లెక్కవేయి. గెలాక్సీ ఎస్24, పిక్సెల్ 8లకి ఏడేళ్లని మాటిచ్చారు, ఆ లెక్క మోడల్ విడుదలైన రోజు నుంచి, నువ్వు కొన్న రోజు నుంచి కాదు. అదే కంపెనీలో రెండేళ్లు పాత మోడల్‌కి నాలుగేళ్లే ఉండొచ్చు.

గోదారి_గట్టు · ఆదివారం ఉదయం 8:30

చాలా వచ్చింది, అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. ఫోన్ బాగానే ఉంది, అప్‌డేట్‌లు వస్తున్నాయి, కాకపోతే 25 శాతం దగ్గర టక్కున ఆరిపోతోంది అన్నవాళ్లు ఏం చేయాలి? షాపులో అయితే కొత్తది కొనమంటున్నారు.

సోల్డర్_ఐరన్ · ఆదివారం ఉదయం 9:05

బ్యాటరీ మార్చాలి, ఫోన్ కాదు. లిథియం బ్యాటరీకి వయసు పెరిగేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, 5జీ సిగ్నల్ వెతికేటప్పుడో ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజీ పడిపోతుంది, ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. 25 శాతం అని చూపిస్తున్నది అబద్ధం కాదు, ఆ చార్జి లోపల ఉంది, గబుక్కున బయటికి రాలేకపోతోంది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే వేయించండి. బయట "ఒరిజినల్" అని అమ్మే వాటిలో చాలావాటి మీద 5000 ఎంఏహెచ్ అని ముద్ర ఉంటుంది, లోపల అంత ఉండదు. ఇచ్చేముందు డేటా బ్యాకప్ తీసుకోండి, జాబ్‌షీట్ మీద ఐఎంఈఐ, ఫోన్ మీద ఇప్పటికే ఉన్న గీతలు రాయించండి. సర్వీస్ సెంటర్ వాళ్లు కారణం చెప్పకుండా తిప్పుతుంటే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. వెనక డొప్ప ఉబ్బి అంచున సందు కనిపిస్తుంటే మాత్రం చార్జింగ్ పెట్టొద్దు, ఆరోజే ఇచ్చేయండి.

ఫోన్ ఒకసారి విప్పాక వెనక గమ్ కొత్తది వేశారో లేదో అడగండి. పాత గమ్ మీదే అతికిస్తే కొన్నప్పటి నీటి రక్షణ ఇక ఉండదు. కొత్త గమ్ వేసినా పూర్తిగా మునుపటిలా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. వానలో బండి మీద వెళ్లేటప్పుడు కవర్‌లో పెట్టుకోండి.